ధాత కరువును మన పిల్లలకు ఎట్లు నేర్పవలెను?

శతవార్షికోత్సవము సమీపించగానే ప్రతి సంఘములోను మొదట జరుగు పని మందిరపు గోడలకు సున్నము వేయించుట. రెండవది, పూర్వపు పాదిరిగార్ల ఛాయాచిత్రములను దుమ్ము దులిపి వరుసగా తగిలించుట. మూడవది, బడిపిల్లలను పిలిచి సంవత్సరములను కంఠస్థము చేయించి వేదికమీద అప్పచెప్పించుట. మొదటి రెండింటి విషయమై నాకు అభ్యంతరము లేదు. మూడవదానిని గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పిల్లలు తారీఖులు చక్కగా అప్పచెప్పుదురు. మనము చప్పట్లు కొట్టుదుము, బిస్కత్తు పొట్లము ఇచ్చి ఇంటికి పంపుదుము. కాని ఆ సంవత్సరములో మన ఊరి మనుష్యులు ఏమి తినిరి, ఏ పనికి పోయిరి, దేనికి భయపడిరి అని అడిగినచో పిల్లవాడు నోరు తెరువడు. నిజము చెప్పవలెనన్న మనమును తెరువము. బడిలో చరిత్ర అనగానే మార్కులు రాని పాఠమనియు, లెక్కలు రానివారికి మిగిలిన పాఠమనియు తల్లిదండ్రులలోనే ఒక తలంపు పాతుకొని యున్నది. ఆ తలంపు పోవలెనన్న చరిత్రను మొదటినుండి చివరవరకు ఒకే పరుగులో చెప్పుట మానవలెను. ఒక్క సంగతిని పట్టుకొని, దానిని తాకి, తూచి, లెక్కించి, సాక్షులను ప్రశ్నించి నేర్పవలెను. అట్టి సంగతి ఏది అని ఉపాధ్యాయులు అడిగినప్పుడెల్ల నేను చెప్పునది ఒక్కటే: 1876 మొదలు 1878 వరకు వచ్చిన పెద్ద కరువు. మన పెద్దలు దీనిని ధాత, ఈశ్వర నామ సంవత్సరముల కరువు అనిరి.

ఈ కరువునే ఎందుకు ఎన్నుకొనవలెను? తెలుగు జిల్లాలలో నూటయేబది ఏండ్లలో ఇంత లోతుగా జనులను తాకిన సంగతులు తక్కువ. 1876లో నైరుతి ఋతుపవనము చాలలేదు, ఈశాన్య ఋతుపవనమును మోసము చేసెను. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మలమల మాడెను. నిజాము రాజ్యపు దక్షిణ భాగములును, మైసూరును బాధపడెను. బ్రిటిషు పాలనలోని ప్రాంతములలోనే 50 లక్షలకు మించి మరణించిరని అంచనా. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కను, 1881 లెక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో సుమారు నాలుగవ వంతు జనము కనబడరు. అయినను మన పిల్లల పాఠ్యపుస్తకములలో ఈ కరువునకు దొరకు స్థలము బహు స్వల్పము. యుద్ధములకు పుటలు గలవు, ఆకలికి పంక్తులే గలవు.

మొదట కాలము సంగతి. చిన్న పిల్లలకు 1876 అనునది ఒక అంకె మాత్రమే. నేను సంవత్సరముల పేర్లతో మొదలుపెట్టుమందును. ప్రభవ, విభవ అని అరువది పేర్లు అవ్వలకు తాతలకు నేటికిని కొంత తెలియును. నల్లబల్లమీద ఒక చక్రము గీసి ఈ పేర్లు వ్రాయించుడి. 1876లో ధాత, అరువది ఏండ్లకు 1936లో మరల ధాత, 1996లో మరల ధాత. పిల్లవాని తండ్రి ఏ ధాతలో ఎంతవాడు, తాత ఏ ధాతలో ఎంతవాడు అని లెక్క వేయించినచో మూడు మలుపులలో కరువు దగ్గరకు చేరుదుము. ఇదే చక్రముమీద 1832–33 నాటి నందన కరువును గుర్తింపవచ్చును. ఆ కరువులో గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది నశించిరని ఆనాటివారు వ్రాసిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన పింగళ నామ సంవత్సరములోనిది. దానిని కన్నులార చూచినవారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవుటకు ఇంతకంటె మంచి నిచ్చెన లేదు.

తరువాత పటము. నేటి జిల్లాల పటమును, పాత చెన్నపట్నపు రాజధాని పటమును పిల్లల యెదుట పరచుడి. పాత పటములో ప్రకాశం జిల్లా ఎక్కడ అని అడుగుడి. దొరకదు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. ఒంగోలు జిల్లా ఏర్పడినది 1970లో, దానికి ప్రకాశం పేరు వచ్చినది 1972లో. అనంతపురం బళ్ళారి జిల్లాలోనే యుండెను, వేరుపడినది 1882లో. ఈ పది నిమిషముల పనితో జిల్లాల సరిహద్దులును మనుష్యులు గీసినవే అని పిల్లలకు తెలిసిపోవును.

ఇప్పుడు అసలు పాఠము. దీనికి కావలసినవి ఒక త్రాసు, కొంచెము బియ్యము. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ప్రభువు పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి చెన్నపట్నమునకు వచ్చెను. (టెంపుల్ అనగా గుడి కదా అని పిల్లలు నవ్వుదురు. నవ్వనిండు. ఆ పేరు ఇక మరువరు.) కరువు పనులలో మట్టి మోయు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని ఆయన నిర్ణయించెను. స్త్రీలకు, పనిచేయు పిల్లలకు ఇంకను తక్కువ. పౌను అనగా నాలుగువందల యేబది గ్రాములకు కొంచెము పైన. దానిని తరగతిలో తూచి ఒక పళ్ళెములో పోసి బల్లమీద ఉంచుడి. ఎండలో దినమంతయు గునపము పట్టినవానికి ఇది చాలునా అని అడుగుడి. మొదట కొందరు, మా ఇంట్లో అన్నము ఇంతకంటె తక్కువే వండుదురు అందురు. అది నిజమే. అప్పుడు, మీ ఇంట్లో పప్పు ఉన్నదా, కూర ఉన్నదా, పాలు ఉన్నవా, నూనె ఉన్నదా అని అడుగుడి. ఉప్పు, కట్టెలు, పనిచేయలేని ముసలితల్లి, చంటిబిడ్డ, అన్నియు ఆ పళ్ళెమునుండియు ఆ ఒక్క అణానుండియు రావలెను. బల్ల నిశ్శబ్దమగును. నేను ఈ పాఠమును కొన్ని ఊళ్ళలో ఆదివారపు బడిలోను, సెలవుల తరగతిలోను జరిపించితిని. ఎక్కడను ఆ నిశ్శబ్దము రాకుండ పోలేదు.

అంతటితో ఆగినచో అది కంటతడి పెట్టించుటయే గాని చరిత్ర కాదు. టెంపుల్‌కు ఎదురు చెప్పినవాడు ఒకడుండెను. ఆయన చెన్నపట్నపు ఆరోగ్యశాఖ అధికారి డాక్టరు కార్నిష్. ఈ తిండితో కష్టపు పని చేయువాడు మెల్లమెల్లగా చచ్చునని, కనీసము ఒకటిన్నర పౌను ధాన్యము, దానితో పప్పును ఉండవలెనని ఆయన వాదించెను. కొన్ని నెలలకు ప్రభుత్వము కొంత దిగివచ్చి కూలి పెంచెను. తరగతిని రెండు జట్లుగా చేసి ఒక జట్టును ఖజానా పక్షమున, ఒక జట్టును డాక్టరు పక్షమున మాటలాడింపుడి. టెంపుల్ జట్టునకు ఒక సంగతి తప్పక చెప్పవలెను. అంతకు మూడేండ్ల క్రిందట, 1873–74లో, బీహారు కరువునప్పుడు ఇదే టెంపుల్ బర్మా బియ్యము తెప్పించి ధారాళముగా ఖర్చుచేసెను. చావులు బహు తక్కువ. కాని డబ్బు దుబారా చేసితివని పైవారు ఆయనను మందలించిరి. ఈ మాట విన్నప్పుడు తెలివిగల పిల్లలు, అయితే ఆయన చెడ్డవాడా, భయపడినవాడా అని అడుగుదురు. ఆ ప్రశ్న వచ్చినదంటే పాఠము పండినట్లే. టెంపుల్‌ను రాక్షసునిగా నిలువబెట్టినచో మనకు దొరకునది వీధినాటకమే.

అదే 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా చాటుచు దర్బారు జరిగినదని ఒక్క మాట చెప్పి ఊరకుండుడి. వ్యాఖ్యానము అక్కరలేదు.

పై తరగతుల పిల్లలకు హూపర్ అను సైనికాధికారి తీసిన కరువు ఛాయాచిత్రములు చూపవచ్చును. చిన్నవారికి చూపరాదని నా అభిప్రాయము. ఎముకలగూడులవంటి మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి తీసినవి అవి. చూపినప్పుడు, ఈ చిత్రములో కనబడని మనిషి ఎవరు అని అడుగుడి. కెమెరా వెనుకనున్నవాడు. అతడు ఎందుకు తీసెను, ఎవరికి చూపుటకు తీసెను, తీసిన తరువాత ఏమి చేసియుండును? సెల్‌ఫోనుతో ప్రతిదానిని తీయుచున్న మన పిల్లలకు ఈ ప్రశ్న సూటిగా తగులును.

ఇక మన క్రైస్తవ కుటుంబములకు దగ్గరి సంగతికి వచ్చుచున్నాను. ఇది కొంచెము ముల్లుగల సంగతి. కొన్ని ఏండ్ల క్రిందట మన సంఘపు పిల్లవాడొకడు బడినుండి వచ్చి భోజనము ముట్టలేదు. తరగతిలో ఎవరో, మీ తాతలు కరువులో గంజి కొరకు కలిసినవారే కదా అనిరట. తండ్రి, అటువంటి మాటలు పట్టించుకొనకుము అని ఊరుకోబెట్టెను. ఊరుకోబెట్టిన మాట కడుపులోనే యుండును. ఆ పిల్లవానికి కావలసినది ఓదార్పు కాదు, తారీఖులు, సాక్ష్యములు. చరిత్ర పాఠమునకు అసలు పని అక్కడ ఉన్నది.

ఒంగోలు ప్రాంతపు సంగతి తీసికొందము. అది మన బాప్టిస్టు సహోదరుల చరిత్ర. అయినను కరువులో తెలుగు క్రైస్తవులందరి చరిత్రయు ఇంచుమించు ఇట్టిదే గనుకను, వ్రాతలు ఎక్కువ దొరకును గనుకను దీనిని చెప్పుచున్నాను. క్లౌ దొరగారు ఒంగోలు చేరినది 1866లో. తాళ్ళకొండపాడు వాడైన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందినదియు ఆ సంవత్సరమే. మాదిగ పేటలలో ఊరూర తిరిగి సువార్త చెప్పినవాడు పేరయ్యయే. అనగా కరువునకు పదేండ్ల ముందే ఆ కదలిక ఆరంభమై వేలమందికి ప్రాకినది. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు అను మూడు కట్టుబాట్లు పెట్టుకొన్నవారు ఊరి పెద్దల చేత దెబ్బలు, వెలి, కూలి నష్టము అనుభవించిరి. అప్పుడు వారికి దొరకిన గంజి ఏమియు లేదు.

కరువు వచ్చినప్పుడు క్లౌగారు ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసికొనెను. తక్కిన పనులలో కూలి సరిగా ముట్టక, అధికారుల తిట్లకు జడిసి పోలేని మాదిగలు వేలమంది అక్కడికి వచ్చిరి. బోధకులే అక్కడ మేస్త్రీలు. పని విరామమున వారు కూలివాండ్ర నడుమ కూర్చుండి మాటలాడిరి. ఈ కాలమంతయు, ఇంచుమించు పదునైదు నెలలు, ఎందరు అడిగినను క్లౌగారు బాప్తిస్మము ఇయ్యలేదు. కూటి కొరకు వచ్చిరన్న మాట పడరాదని ఆయన ఉద్దేశము. వానలు కురిసి, సహాయము పంచుట ముగిసిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఇచ్చినది క్లౌగారు కారు. అభిషేకము పొందిన తెలుగు బోధకులు ఆరుగురు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీటిలో దిగి ఇచ్చిరి.

ఇక్కడ పిల్లలచేత ఒక లెక్క చేయించుడి. ప్రొద్దుటను, మధ్యాహ్నమును కలిపి సుమారు తొమ్మిది గంటలు పట్టినదని చెప్పుదురు. ఇద్దరు చొప్పున తొమ్మిది గంటలు అనగా 1,080 నిమిషములు. ఒక్కొక్కరికి ఎంత? అర నిమిషమునకు కొంచెము తక్కువ. ఇది సాధ్యమా? చేతులు ముంచి లేపి పిల్లలే గడియారము పట్టి చూడవచ్చును. ఒక అంకెను వినగానే నమ్మక, విననట్లు కొట్టివేయక, పరీక్షించి చూచుట ఇక్కడ అలవడును.

అప్పుడు తారీఖులను ఒక త్రాడుమీద కట్టింపుడి. 1866 ఒక ముడి, 1876 ఒక ముడి, కాలువ పని ఒక ముడి, వానలు ఒక ముడి, వెల్లంపల్లి ఒక ముడి. గంజి కొరకు కలిసిరి అనువాడు ఏ ముడిని పట్టుకొని ఆ మాట అనుచున్నాడు? అయితే మనవారిలో కొందరు చెప్పు మాటయు ఈ త్రాడుమీద నిలువదు. కరువునకు దీనికి సంబంధమే లేదు, అంతయు ఆత్మీయమే అందురు. సంబంధము లేనిచో పదేండ్లలో రానంతమంది ఆ ఒక్క సంవత్సరములో ఎట్లు వచ్చిరి? తన ప్రక్కన చచ్చుచున్నవారిని చూచినవాడు, తనను మనిషిగా పిలిచి కూలి చేతిలో పెట్టినవాని మాట వినుటలో సిగ్గుపడవలసినది ఏమున్నది? ఆకలి ఒక కారణము, దయ ఒక కారణము, పేరయ్య పదేండ్ల నడక ఒక కారణము, కట్టుబాట్లతో వచ్చిన గౌరవము ఒక కారణము. ఏ కారణమునకు ఎంత బరువు అని పదవ తరగతి పిల్లలు వాదించుకొనవలెను. ఉపాధ్యాయుడు తీర్పు చెప్పరాదు. పేరయ్య పేరు మాత్రము వారు మరువకుండ చూడవలెను. మన ఆదివారపు బడి కథలలో దొరగారికి పేరుండును, బోధకునికి తరచుగా పేరుండదు.

వేదాంత కళాశాలలో నాలుగు సువార్తలను నాలుగు నిలువు వరుసలుగా వ్రాసి చదివించిరి. ఒకే సంగతిని నలుగురు చెప్పునప్పుడు ఎవరు ఏమి చేర్చిరి, ఎవరు ఏమి విడిచిరి, ఎవరికొరకు వ్రాసిరి అని చూచుట మాకు అట్లు అలవాటైనది. ఆ పద్ధతినే బడిపిల్లలకు ఇయ్యవచ్చును. మిషనెరీ స్వదేశమునకు వ్రాసిన ఉత్తరము చందాలిచ్చువారికొరకు వ్రాసినది. కలెక్టరు నివేదిక పైయధికారికొరకు వ్రాసినది. చెన్నపట్నపు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో అచ్చువేసిన రెండు సంపుటముల కరువు చరిత్ర ఇంగ్లండు ప్రజలకొరకు వ్రాసినది. ఈ ముగ్గురిలో ఎవరును ఆకలిగొన్నవారు కారు. ఆకలిగొన్నవారి మాట అవ్వల నోటిలోనే మిగిలినది: నాగజెముడు పండ్లు తిన్న మాట, చీమల పుట్టలు త్రవ్వి గింజలు ఏరిన మాట. ఇవి ఐదారు తరముల చేతులు మారిన మాటలు గనుక తారీఖుల విషయమున నమ్మరానివి. భయము విషయమున మాత్రము వాటికి మించిన సాక్ష్యము లేదు. అవ్వను అడుగుటకు పిల్లలను ఒంటరిగా పంపక ఇద్దరిద్దరిగా పంపుడి. ఒకరు అడుగవలెను, ఒకరు వ్రాయవలెను. అవ్వ చెప్పిన మాటను బడిభాషలోనికి దిద్దరాదు.

ఇక మన చేతిలోనే యున్న సాధనము బాప్తిస్మపు, సమాధుల రిజిస్టరులు. నంద్యాల, ముత్యాలపాడు, కడప, గుత్తి వంటి పాత కేంద్రముల చుట్టునున్న సంఘములలో కరువునాటి పుటలు ఉండవచ్చును. చాలచోట్ల ఇవి బీరువా అడుగున చెదలకు ఆహారమగుచున్నవి. ఈ ఉత్సవపు చందాలో కొంత భాగము రంగులకు గాక ఒక ఇనుప పెట్టెకు ఖర్చు చేయుడని నా మనవి. నెలకు ఎన్ని సమాధులు, ఏ వయస్సువారు, ఏ ఊరివారు అని లెక్కించి గీతపటము గీయించినచో కరువు ఆ పుటలనుండి తానే లేచి నిలుచును. ఒక ఐదేండ్ల ముందు పుటలను, ఐదేండ్ల తరువాతి పుటలను కూడ లెక్కింపవలెను. లేనిచో దేనితో పోల్చి ఎక్కువ తక్కువ అందుము?

అయితే రిజిస్టరును ఉన్నదున్నట్లు పిల్లల బల్లమీద పెట్టరాదు. అందులో కులపు పేరు ఉండును, తండ్రి పేరు లేని బిడ్డల పేర్లుండును. ఆ వంశములవారు నేటికిని అదే వీధిలో ఉన్నారు. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులపు హోదా లేకపోవుటచేత ఎన్నో కుటుంబములు ఈ కాగితములను గూర్చి భయపడుచున్నవి. ఆ భయమును చిన్నచూపు చూచుట తగదు. కాబట్టి నూరేండ్లు దాటిన పుటలనే తీసికొని, ఉపాధ్యాయుడో పాదిరిగారో ముందుగా పేర్లు, కులము విడిచి, తారీఖు, వయస్సు, ఊరు, వృత్తి మాత్రము వేరే కాగితముమీద ఎత్తి వ్రాసి ఇయ్యవలెను. కులమును గూర్చి మాటలాడవద్దని నేను చెప్పుటలేదు, తప్పక మాటలాడవలెను. కూలి ఎవరికి దొరకినది, ఎవరికి దొరకలేదు అనునది కులము లేక అర్థము కాదు. కాని ఒక పిల్లవాని ఇంటిపేరును పాఠముగా చేసి మాటలాడరాదు.

ఎక్కువ శ్రద్ధగల ఉపాధ్యాయులకు ఒకటి రెండు దారులు చూపుదును. చెన్నపట్నపు రాజధాని కాగితములు ఎగ్మూరులోని తమిళనాడు పురావస్తు పత్ర భాండాగారములో ఉన్నవి. హైదరాబాదు తార్నాకలో మన పత్ర భాండాగారము గలదు. బెంగుళూరు ఐక్య వేదాంత కళాశాలలో మిషనుల పాత కాగితములు భద్రపరచిరి. నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టిగారు 1886లో వ్రాసిన కర్నూలు జిల్లా మాన్యుయలు తెలుగువాడు ఇంగ్లీషులో వ్రాసిన జిల్లా చరిత్ర గనుక ప్రత్యేకముగా చూడదగినది. కూలికి ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పోయినవారి పట్టికలలో తండ్రి పేరు, ఊరు, వయస్సు, ఒంటిమీది మచ్చలు కూడ వ్రాసియున్నవి. 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు బోధకుడుగా వెళ్ళినది ఆ తెలుగువారి దగ్గరకే.

వీలున్న సంఘములు పిల్లలను ఒకసారి కాలువకు తీసికొని పోవలెను. నీరున్నను లేకున్నను, గట్టు ఉన్నది. చలికాలపు సెలవులలో ఒక శనివారము ప్రొద్దుట బయలుదేరి మూడున్నర మైళ్ళు, అనగా ఐదున్నర కిలోమీటర్లకు కొంచెము పైన, గట్టువెంట నడిపించుడి. ప్రతి పిల్లవాని చేతికి నీళ్ళ సీసా, నెత్తికి ఒక గుడ్డ ఉండవలెను. ఒక తట్ట తీసికొని పోయి మట్టితో నింపి, వంతులవారీగా గట్టు క్రిందినుండి పైకి పదిసార్లు మోయించుడి. నడిచినంతసేపు ఎవరును ప్రసంగము చేయరాదు; పాదిరిగారు కూడ.